ట్రేడ్ జరిగిన రోజే తీర్పు చెప్పకండి: ఐస్ హాకీ టీమ్ లెక్కలు చూడటం ఎలా

విజయనగరంలో కూర్చుని ఐస్ హాకీ గురించి రాస్తున్నానంటే నవ్వేవాళ్లు నవ్వండి. మా మేనల్లుడు ఉద్యోగం కోసం ఎడ్మంటన్ వెళ్లాడు. అక్కడ రాత్రి ఏడింటికి మ్యాచ్ మొదలైతే చలికాలంలో మనకి ఉదయం ఏడున్నర, అంటే సరిగ్గా నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చునే వేళ, అలా మొదలైంది ఈ పిచ్చి. ఆట అర్థం కావడానికి పది మ్యాచ్‌లు చాలు. కానీ ఆట లేని రోజుల్లో వాళ్లు మాట్లాడుకునేది ఉంది చూశారూ, ఎవడ్ని అమ్మారు, ఎవడికి ఎన్నేళ్లు రాసిచ్చారు, టీమ్‌ని పడగొట్టి మళ్లీ కట్టాలా వద్దా అని, అది అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది. మీ పిల్లలో చుట్టాలో కెనడాలో ఉండి మీకూ ఇది అంటించి ఉంటే, ఆ మూడేళ్లు మీకు మిగులుతాయని రాస్తున్నాను.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి. జోక్ కాదు, ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు సీలింగ్, ఆ తర్వాతే ఆటగాడు

అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 టీమ్‌లు. ప్రతి టీమ్ జీతాలకీ ఒక పైకప్పు ఉంటుంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. ఓనర్ దగ్గర ఎంత డబ్బున్నా దాన్ని దాటి ఖర్చు పెట్టడానికి లేదు. ఇది ఊరికే రాలేదు. ఓనర్లకీ ఆటగాళ్లకీ తగువు తెగక 2004-05 సీజన్ మొత్తానికి మొత్తం రద్దయింది, ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు, ఆ తర్వాత వచ్చిన రూల్ ఇది. 2024-25లో ఆ పైకప్పు 8.8 కోట్ల డాలర్లు, 2025-26లో 9.55 కోట్లు. అందులోనే ఇరవై మూడు మందిని సర్దుకోవాలి.

ఐపీఎల్ చూసేవాళ్లు ఇక్కడ తడబడతారు, నేనూ తడబడ్డాను. అక్కడ వేలంలో పర్సు ఉంటుంది, మెగా వేలం వచ్చిందంటే దాదాపు అందరి లెక్కా మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడ అలా కాదు. ఈరోజు ఎనిమిదేళ్లకి సంతకం పెడితే ఎనిమిదేళ్లూ ఆ బరువు మోయాల్సిందే. ఎంత బరువు అన్నది కూడా సులువే, మొత్తం డబ్బుని ఏళ్లతో భాగించడమే. 2017లో కానర్ మెక్‌డేవిడ్ ఎనిమిదేళ్లకి పది కోట్ల డాలర్లు రాయించుకున్నాడు, అంటే ఏడాదికి 1.25 కోట్లు. దీన్ని క్యాప్ హిట్ అంటారు. మొదటి ఏడాది ఎక్కువిచ్చి చివర తక్కువిచ్చినా సరే, లెక్కలోకి వచ్చేది ఆ సగటే.

కాబట్టి "ఫలానావాడు మంచి ఆటగాడా" అని అడగడం దండగ. మంచివాడే, కాకపోతే అంత దూరం రాడు. ఆ డబ్బుకి మంచివాడా అన్నదే ప్రశ్న.

కాంట్రాక్ట్ వార్త వచ్చిందా, మూడే అంకెలు రాయండి

నోట్‌బుక్ ఇందుకే. పేరు కింద మూడు అంకెలు: వయసు, ఎన్నేళ్లు, ఏడాదికి ఎంత. ఇంకేం వద్దు, గోల్స్ వద్దు, పాయింట్లు (గోల్స్, గోల్‌కి సాయపడ్డ పాస్‌లు కలిపి) వద్దు. తర్వాత వయసుకి ఏళ్లు కూడండి. కాంట్రాక్ట్ అయిపోయేసరికి వాడికి ఎన్నేళ్లు ఉంటాయో వస్తుంది, సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

మామూలుగా ఒక ఆటగాడు పూర్తిగా స్వేచ్ఛగా, ఏ టీమ్‌కైనా వెళ్లగలిగే ఫ్రీ ఏజెంట్ అయ్యేది 27 ఏళ్లకి, లేదా ఏడు సీజన్లు ఆడాక. అంటే మార్కెట్లో దొరికేసరికే వాడి మంచి వయసులో సగం వేరే టీమ్ తినేసి ఉంటుంది. మా ఎడ్మంటన్ టీమ్ ఆయిలర్స్ (అవును, ఇప్పుడు మాదే) 2016లో మిలాన్ లూచిక్‌కి 28 ఏళ్ల వయసులో ఏడేళ్లు రాసిచ్చారు, 4.2 కోట్లకి. కొట్టుకునే శరీరం, పెద్ద మనిషి, జనం చప్పట్లు కొట్టారు. మూడేళ్లకే వదిలించుకోవాల్సి వచ్చింది. ఎలా? పక్క ఊరు కాల్గరీ దగ్గర అలాగే బరువైపోయిన జేమ్స్ నీల్‌ని తీసుకుని వీడినిచ్చి, పైగా వీడి జీతంలో ఎనిమిదో వంతు మేమే కడతామని ఒప్పుకుని. రెండేళ్లకి ఆ నీల్‌ని కూడా డబ్బిచ్చి పంపేశారు. పాలివ్వని గేదెనిచ్చి పాలివ్వని గేదెని తోలుకొచ్చుకోవడం, పైగా ఇచ్చిన గేదెకి గడ్డి మనమే వేయడం.

డబ్బిచ్చి పంపడాన్ని బైఅవుట్ అంటారు. ఇరవై ఆరు నిండినవాడికి మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు ఇవ్వాలి, మిగిలిన ఏళ్లకి రెట్టింపు ఏళ్లలో. తప్పించుకున్నట్టే ఉంటుంది కానీ తప్పించుకోలేరు. మిన్నెసోటా కథ చూడండి. 2012 జూలై 4న పరీజే, సూటర్ అని ఇద్దరికి చెరో పదమూడేళ్లు, చెరో 9.8 కోట్లు రాసిచ్చారు. ఇద్దరికీ అప్పుడు 27, అంటే చివరికి నలభై! 2021లో ఇద్దరినీ బైఅవుట్ చేశారు. ఆ ఇద్దరూ లేని టీమ్ ఆ ఇద్దరి కోసం 2023-24లోనూ 2024-25లోనూ ఏటా దాదాపు 1.47 కోట్ల క్యాప్ పోగొట్టుకుంది, ఒక మెక్‌డేవిడ్ కంటే ఎక్కువ. ఆ బాకీ తోక 2028-29 దాకా ఉంది. ఇలాంటి పొడుగు కాంట్రాక్ట్‌లు చూసే 2013లో సొంత ఆటగాడికైతే ఎనిమిదేళ్లు, బయటివాడికైతే ఏడేళ్లు అని హద్దు పెట్టారు.

ఒక్క జాగ్రత్త. పొడుగు కాంట్రాక్ట్ అంటే చెడ్డదని అనేసుకోకండి. 24 ఏళ్లవాడికి ఎనిమిదేళ్లు ఇస్తే 32తో అయిపోతుంది, పైగా పైకప్పు ఏటేటా పెరుగుతుంటే ఆ జీతం చవకైపోతూ ఉంటుంది. భయపడాల్సింది పొడుగుకి కాదు, ముప్పై దాటిన ఏళ్లు అందులో ఎన్ని పడ్డాయో దానికి.

ట్రేడ్ రోజు నోరు కట్టుకోండి

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. 2022 జూలైలో ఫ్లోరిడా, కాల్గరీ ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి, జరిగింది. ఫ్లోరిడాకి మాథ్యూ తకాచక్. కాల్గరీకి జోనథన్ హ్యూబర్డో, మెకంజీ వీగర్, ఇంకో కుర్రాడు, పైన ఒక మొదటి రౌండ్ పిక్, అంటే ఏటా కొత్త కుర్రాళ్లని టీమ్‌లు పంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి వరసలో ఒకణ్ని ఎంచుకునే హక్కు. హ్యూబర్డో అంతకుముందు సీజన్లో 115 పాయింట్లు కొట్టి ఉన్నాడు. నేను ఫోన్లో మేనల్లుడితో, "ఒరే, కాల్గరీ వాళ్లు ఫ్లోరిడాని దోచుకుపోయార్రా" అన్నాను. వాడు "ఏటి మావయ్యా, వయసు చూశావా" అన్నాడు. చూడలేదు. పలాస జీడిపప్పు రెండు కిలోలు పందెం.

హ్యూబర్డోకి అప్పటికే 29. కాల్గరీ వాడికి వెంటనే ఎనిమిదేళ్లు, ఏటా 1.05 కోట్లు రాసిచ్చింది. అది అమల్లోకొచ్చిన ఏడాది పైకప్పు 8.35 కోట్లు, అంటే ఎనిమిదో వంతు ఒక్కడికే. కొత్త ఊళ్లో మొదటి సీజన్లో వాడు కొట్టింది 55 పాయింట్లు. అవతల తకాచక్‌కి 24, ఏటా 95 లక్షలు, మొదటి సీజన్లోనే 109 పాయింట్లు, టీమ్ ఫైనల్‌కి. నేను జీడిపప్పు పార్సిల్ కట్టించాను. కానీ అసలు కథ అక్కడ అయిపోలేదు. అదే తకాచక్ ఉన్న ఫ్లోరిడా 2024లో ఒకసారి, 2025లో ఇంకోసారి కప్పు ఎత్తింది, రెండుసార్లూ ఫైనల్లో ఓడించింది మా వాడి ఎడ్మంటన్‌నే. పందెం గెలిచినవాడు రెండేళ్లు వరసగా ఏడ్చాడు.

కాబట్టి ట్రేడ్ చూసేటప్పుడు ఇలా చేయండి. అవతలివాడు గతేడాది కొట్టిన పాయింట్లు మీ టీమ్‌కి రావు, అవి పాత టీమ్ ఖాతాలోనే ఉండిపోతాయి. మీకొచ్చేది వాడి వచ్చే ఏళ్లు మాత్రమే. తర్వాత, జీతంలో ఎంత ఎవరు మోస్తున్నారో చూడండి, పాత టీమ్ సగం దాకా అట్టిపెట్టుకోవచ్చు, చాలాసార్లు అసలు బేరం అక్కడే ఉంటుంది, టీవీలో మాత్రం పేర్లే చెప్తారు. ఆ తర్వాత తేదీ వేసి నోట్‌బుక్ మూసేయండి, మూడేళ్ల దాకా.

మూడేళ్లు కూడా ఒక్కోసారి చాలవు. 1992లో క్విబెక్ టీమ్ ఎరిక్ లిండ్రోస్ అనే కుర్రాణ్ని, తనకి అక్కడ ఆడటం ఇష్టం లేదు మొర్రో అంటే, ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. బదులుగా వచ్చింది ఒక పటాలం: పీటర్ ఫోర్స్‌బర్గ్, ఇంకా అయిదుగురు, రెండు మొదటి రౌండ్ పిక్‌లు, కోటిన్నర డాలర్లు. లిండ్రోస్ గొప్పగానే ఆడాడు, 1995లో లీగ్‌లోనే బెస్ట్ అనిపించుకున్నాడు. కానీ ఆ పిక్‌లలో ఒకదాంతో తీసుకున్న గోల్ కీపర్ జాస్లిన్ తిబో, 1995 డిసెంబరులో మరో ట్రేడ్‌లో మాంట్రియల్‌కి వెళ్తే బదులుగా వచ్చినవాడు పాట్రిక్ రువా అనే మేటి గోల్ కీపర్. అప్పటికి టీమ్ డెన్వర్‌కి మారింది, 1996లో కప్పు గెలిచింది. ఇక్కడ ట్రేడ్ అంటే చెట్టు, కొమ్మకి కొమ్మ వస్తూనే ఉంటుంది.

రీబిల్డ్ అంటే ఓడిపోవడం కాదు

రీబిల్డ్, అంటే టీమ్‌ని పడగొట్టి మళ్లీ కట్టడం, అభిమానులకి అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇది. రెండు మ్యాచ్‌లు ఓడగానే "అందరినీ అమ్మేయండి, మొదటి పిక్ తెచ్చుకోండి" అంటారు. ముందు ఆ పిక్ ఎలా వస్తుందో తెలుసుకోండి. ఆఖరి స్థానంలో నిలిచినంత మాత్రాన మొదటి పిక్ రాదు, లాటరీ తీస్తారు, ఆఖరివాడికి అవకాశం 25.5 శాతమే. నాలుగుసార్లలో మూడుసార్లు ఇంకెవరికో పోతుంది.

పోనీ వచ్చిందే అనుకుందాం. ఎడ్మంటన్‌కి 2010, 2011, 2012 వరసగా మూడేళ్లు మొదటి పిక్ వచ్చింది. హాల్, న్యూజెంట్-హాప్కిన్స్, యాకుపోవ్. 2006 తర్వాత మళ్లీ 2017 వచ్చేదాకా ప్లేఆఫ్స్ మొహం చూశారా? లేదు. ముగ్గురూ గోల్స్ కొట్టేవాళ్లే, వెనకాల కాపు కాసేవాడు లేడు. చివరికి 2016లో హాల్‌ని న్యూజెర్సీకి ఇచ్చి ఆడమ్ లార్సన్ అనే ఒక్క డిఫెన్స్ ఆటగాణ్ని తెచ్చుకున్నారు, 2018లో ఆ హాల్ లీగ్ బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. (లార్సన్ వచ్చిన మరుసటి ఏడే ఆయిలర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లారని మా వాడు గుర్తు చేస్తుంటాడు, అదీ నిజమే, 2015లో వచ్చిన మెక్‌డేవిడ్ కూడా ఉన్నాడని నేను గుర్తు చేస్తుంటాను.)

మన జిల్లా వాళ్లకి ఇది మామిడి తోట గుత్త లాంటిదని చెప్తే చాలు. పూత మీద కొంటారు. చెట్టు నిండా పూత చూసి మురిసిపోతారు, తేనెమంచు పురుగు పట్టిందో, గాలి లేచిందో, పిందె నిలవదు. తెలిసినవాడు ఒక్క చెట్టుని చూసి బేరం ఆడడు, తోటంతా తిరుగుతాడు. డ్రాఫ్ట్ కూడా అంతే, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు వాళ్లు, ఒక్కడి మీద ఊరంతా రాసివ్వకూడదు. డెట్రాయిట్‌కి పేరు తెచ్చిన డాట్సుక్ 1998లో 171వ పిక్, జెటర్‌బర్గ్ 1999లో 210వ పిక్.

బాగా చేసినవాళ్లలో షికాగో లెక్క చూడండి. కీత్ 2002లో రెండో రౌండ్, సీబ్రూక్ 2003లో 14వ పిక్, ముందు డిఫెన్స్. తర్వాతే 2006లో టేవ్స్, 2007లో కేన్. 2010లో కప్పు గెలిచినప్పుడు టేవ్స్, కేన్ ఇద్దరూ ఇంకా తొలి కాంట్రాక్ట్ మూడో ఏట ఉన్నారు. కుర్రాళ్లకి ఇచ్చే ఆ మొదటి మూడేళ్ల కాంట్రాక్ట్‌లో బోనస్‌లు తీసేస్తే జీతం చాలా తక్కువ. అదే కిటుకు, కుర్రాళ్లు చవకగా ఉన్న ఆ ఏళ్లలోనే చుట్టూ పెద్దవాళ్లని చేర్చుకోవాలి. మరుసటి ఏడు ఇద్దరికీ చెరో 63 లక్షలు పడేసరికి, గెలిచిన టీమ్‌నే విప్పుకోవాల్సి వచ్చింది, బఫ్లిన్, లాడ్, వర్స్‌టీగ్ ముగ్గురినీ పంపేశారు. అయినా 2013లో, 2015లో మళ్లీ గెలిచారు, మధ్యలో ఉన్న దూలాలు కదలలేదు కాబట్టి.

మీ టీమ్ రీబిల్డ్ అంటున్నారంటే నేనైతే మొదట చూసేది, చెప్పి చేస్తున్నారా అని. న్యూయార్క్ రేంజర్స్ 2018 ఫిబ్రవరిలో అభిమానులకి ఉత్తరమే రాశారు, మీకు నచ్చినవాళ్లని కొంతమందిని పోగొట్టుకోబోతున్నాం అని. నాకది నచ్చింది. చెప్పకుండా ఒక ఏడు అమ్మి, మరుసటి ఏడు ముప్పై రెండేళ్లవాణ్ని కొని, అదీ రీబిల్డే అనేవాళ్లని మాత్రం నమ్మకండి.

స్టార్‌ని వదిలేస్తే టీమ్ మునిగిపోతుందని భయపడేవాళ్లకి మన కబడ్డీలోనే జవాబుంది. పట్నా పైరేట్స్‌కి వరసగా మూడు టైటిళ్లు తెచ్చిన పర్దీప్ నర్వాల్ 2021 వేలంలో 1.65 కోట్ల రూపాయలకి యూపీ యోధాకి వెళ్లిపోయాడు. ఆ సీజన్లో పట్నా ఫైనల్‌కి వెళ్లింది, ఒక్క పాయింటు తేడాతో ఓడింది.

ఇక తేదీలు. మార్చి మొదట్లో ట్రేడ్‌ల గడువు ఉంటుంది, ఆ వారం ఎక్కువ హడావుడి. ఫ్రీ ఏజెంట్ల సంత జూలై 1న, మనకి రాత్రి తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. అన్నం తినేసి కూర్చోండి, గంటలో వందల కోట్ల రూపాయలు చేతులు మారతాయి. పేర్లు వినపడగానే వయసు, ఏళ్లు, డబ్బు రాసుకోండి. మధ్యలో మేనల్లుడు ఫోన్ చేసి ఏమంటావు మావయ్యా అని కవ్విస్తాడు. నేనైతే ఈమధ్య మూడేళ్ల కిందటి పేజీ తీసి అదే చదివి వినిపిస్తున్నాను. వాడు మాత్రం పందెం కాయమంటూనే ఉన్నాడు, ఈసారి బద్ద కాదు, గుండు పప్పే కావాలట.