'సైలెంట్ స్ప్రింగ్' పక్కన ఒక సైన్స్ ఫిక్షన్ పెట్టుకుని చదవడం ఎలా

ముందు ఒక ఎర్ర పెన్సిల్, ఒక నీలం పెన్సిల్ కొనుక్కోండి. పుస్తకం లైబ్రరీది అయితే మొదటి అధ్యాయం జిరాక్స్ తీయించుకోండి. కొద్ది పేజీలే ఉంటుంది.

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ సాహిత్యం చెబుతాను. రేచల్ కార్సన్ 1962లో రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' మొదటిసారి చెప్పినప్పుడు అందరిలాగే నోట్స్ ఇచ్చేశాను. రచయిత్రి సముద్ర జీవశాస్త్రం చదివిన మనిషి, డీడీటీ లాంటి పురుగుమందుల మీద రాసింది, పదేళ్లకి, అంటే 1972లో, అమెరికా డీడీటీని నిషేధించింది. పిల్లలు రాసుకున్నారు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మొదటి అధ్యాయంలో ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉంది?" అని అడిగింది. ఆ ఊరు ఎక్కడా లేదు. ఆ సంగతి కార్సనే అధ్యాయం చివర చెబుతుంది. పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైన ఆ మాట నా నోట్స్‌లో లేదు. అప్పటి నుంచి నేను పాఠం ఇలా చెబుతున్నాను.

రచయిత ఊహించిన ప్రతి వాక్యం కింద నీలం గీత గీయండి. నిజంగా జరిగినదాని కింద, కొలవగలిగినదాని కింద ఎర్ర గీత గీయండి. మొదటి అధ్యాయమంతా నీలం అయిపోతుంది. పక్షుల కూతలు ఆగిపోయిన వసంతం, పొదిగినా పిల్లలు రాని కోళ్లు, పూత వచ్చినా తేనెటీగలు వాలని యాపిల్ చెట్లు, ఇళ్ల చూరు కాలువల్లో మిగిలిన తెల్లటి పొడి. తర్వాత చివరి పేరాకి రండి. ఈ ఊరు నిజంగా లేదు, కానీ ఇందులోని ప్రతి విపత్తూ ఎక్కడో ఒకచోట జరిగిందే అంటుంది కార్సన్. ఇప్పుడు మళ్లీ మొదటికి వెళ్లి, ఆ నీలం గీతల మీదే ఎర్ర గీత కూడా గీయండి. రెండూ కలిసి ఊదా రంగు వస్తుంది. క్లాసులో మనం చదవాల్సింది ఆ ఊదా రంగు వాక్యాలనే.

క్రియలు కూడా చూడండి. అధ్యాయం పేరు చూస్తే రేపటి కథ. వాక్యాలన్నీ భూతకాలంలో ఉన్నాయి. మన అమ్మమ్మలు "అనగనగా ఒక ఊళ్లో" అన్నట్టే మొదలవుతుంది. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం సైన్స్ ఫిక్షన్ రోజూ చేసే పని. ఒక శాస్త్రవేత్త, కీటకనాశినుల మీద రాసిన పుస్తకాన్ని ఆ పద్ధతిలో మొదలుపెట్టింది. దాని బలం ఎదుటివాళ్లకీ తెలిసింది. అదే ఏడాది పురుగుమందులు తయారుచేసే మోన్‌శాంటో కంపెనీ తన పత్రికలో పురుగుమందులే లేని అమెరికాని ఊహించి, పురుగులు దేశాన్ని తినేసినట్టు ఒక కథ వేసింది. కథకి కథతోనే జవాబు చెప్పాల్సి వచ్చిందన్నమాట. చర్చకి ఇంతకంటే మంచి విషయం నాకు దొరకలేదు.

తర్వాత ఎనిమిదో అధ్యాయానికి వెళ్లండి. ఇక్కడ ఎర్ర పెన్సిల్ ఒక్కటే చాలు. మిషిగన్‌లో ఈస్ట్ లాన్సింగ్ అనే ఊళ్లో, యూనివర్సిటీ ఆవరణలోని ఎల్మ్ చెట్లకి తెగులు సోకకుండా 1954లో డీడీటీ చల్లడం మొదలుపెట్టారు. ఆకులు రాలాయి. వానపాములు ఆ ఆకులు తిన్నాయి. వసంతంలో వచ్చిన రాబిన్ పిట్టలు వానపాముల్ని తిని చచ్చిపోయాయి. పెద్ద వానపాములు 11 తింటే చాలు, రాబిన్ ప్రాణం పోయేంత విషం ఒంట్లో చేరుతుంది. రాబిన్ నిమిషానికొకటి చొప్పున తింటుంది. దీన్ని చదివి వదిలేయకండి. నోట్‌బుక్‌లో చెట్టు, ఆకు, వానపాము, పిట్ట బొమ్మలు గీసి, మధ్యలో బాణాలు వేయండి. బొమ్మ వచ్చినవాళ్లకి పరీక్షలో మాటలు వాటంతట అవే వస్తాయి.

రెండో అధ్యాయంలో ఒక మాట దగ్గర ఆగాలి. కీటకనాశిని అనకూడదు, జీవనాశిని అనాలి అంటుంది కార్సన్. మరి తెలుగులో మనం ఏమంటున్నాం? "మందు". జ్వరానికీ మందే, పురుగుకీ మందే. "మందు కొట్టి వచ్చాను" అనేవాడు మా నాన్న. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, 1997-98లో, వరంగల్ జిల్లా పత్తి చేలని లద్దెపురుగు తినేసింది. ఒకసారి కొట్టిన మందుకి చావకపోతే రెండు మందులు కలిపి కొట్టేవాడు. అయినా పురుగు ఆకుల మీద పాకుతూనే ఉండేది. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని, "దీనికి మందు అలవాటైంది" అన్నాడు. మందుకి తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి పిల్లలే చేను నింపుతాయని కార్సన్ చివరి అధ్యాయానికి ముందు అధ్యాయంలో వివరంగా రాసింది. ఆ పేజీలు చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలాంటి మాటలు ఏమున్నాయో అడిగి రాసుకురండి. మాట పక్కన, అది దేన్ని దాస్తోందో ఒక్క వాక్యంలో రాయండి. సాహిత్యం క్లాసులో పర్యావరణం గురించి మనం చేయగల పని ఇది. మిగతాది సైన్సు క్లాసులో చెబుతారు.

ఇప్పుడు సైన్స్ ఫిక్షన్. ఏ నవలైనా పర్వాలేదు కానీ, అందులో కొలవగలిగే విషయం ఒక్కటైనా ఉండాలి. నేను కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 2020లో రాసిన 'ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్' మొదటి అధ్యాయం తీసుకుంటాను, ఎందుకంటే అది మొదలయ్యేది ఉత్తరప్రదేశ్‌లో. వడగాలి రోజులు. కరెంటు పోతుంది. జనం చెరువులో దిగుతారు, నీళ్లు ఒంటికంటే వేడిగా ఉంటాయి. ఊరంతా చనిపోయి ఒక్కడు మిగులుతాడు. చదివాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు. మాట్లాడించకండి.

మర్నాడు రెండు థర్మామీటర్లు తెండి. ఒకదాని బల్బుకి తడి నూలు గుడ్డ చుట్టి, రెండింటినీ వరండాలో నీడన పెట్టి విసనకర్రతో విసరండి. పోయిన ఏప్రిల్లో మా దగ్గర పొడిది 39 డిగ్రీలు, తడిది 24 చూపించాయి. అదే రోజు కాకినాడలో ఒక స్టూడెంట్ వాళ్ల అక్క చూస్తే పొడిది 34, తడిది 28. ఎండ తక్కువున్న చోట తడి అంకె ఎక్కువ వచ్చింది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మట్టి కుండ మా దగ్గర బాగా చల్లబడి, సముద్రం పక్కన అంతగా చల్లబడకపోవడానికి కారణం కూడా అదే. వాతావరణ శాఖ వడగాలి లెక్క మైదానాల్లో 40 డిగ్రీల నుంచి మొదలైతే, తీరంలో 37 నుంచే మొదలవుతుంది. తడి అంకె 35కి చేరి కొన్ని గంటలు అక్కడే ఉంటే, నీడన కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా బతకడం కష్టం. నవల నిలబడింది ఆ అంకె మీదే. ఊరు నీలం, 35 ఎరుపు.

కార్సన్ తన ఊహని తానే ఒప్పుకుంటుంది. నవలాకారుడు తన నిజాన్ని చూపించడు, మనమే వెతకాలి. కాబట్టి పర్యావరణ రచన చదివేటప్పుడు ఊహ ఎక్కడుందో వెతకండి, సైన్స్ ఫిక్షన్ చదివేటప్పుడు కొలత ఎక్కడుందో వెతకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అందుకే మొదటిది పాఠంలా, రెండోది కాలక్షేపంలా మిగిలిపోతుంది.

పరీక్షలో జవాబుని రచయిత్రి పుట్టిన సంవత్సరంతో మొదలుపెట్టకండి. ఒక ఊదా వాక్యం ఎత్తి రాయండి. అందులో ఏది జరిగింది, ఏది ఊహ, రెండూ ఎందుకు కలిపింది, ఇవి చెప్పండి. నాలుగు పేరాలు అవుతాయి. డీడీటీ చరిత్ర చివర్లో రెండు వాక్యాలు చాలు.

చివరి పని, ఇంటి దగ్గర చేసేది. మీ ఊరి మీద ఒక పేజీ రాయండి, "అనగనగా" అని మొదలుపెట్టి. ఎక్కడా జరగనిది ఒక్కటి కూడా ఉండకూడదు. ప్రతి సంఘటన ఎక్కడ జరిగిందో వెనక పేజీలో రాయాలి. పోయినేడు ఒకబ్బాయి, వరి మడుల్లో ఎండ్రకాయలు లేని ఊరిని ఊహించి రాశాడు. నీలం గీత గీసుకుని, ఇంట్లో వాళ్ల నాయనమ్మకి చదివి వినిపించాడు. ఆమె మధ్యలోనే ఆపి, "ఇది మన ఊరే గదరా, చిన్నప్పుడు బుట్ట నిండా పట్టేదాన్ని, ఇప్పుడు ఏవీ?" అందట. మర్నాడు ఆ వాక్యం కింద ఎర్ర గీత కూడా గీసుకుని వచ్చాడు.