రోడ్డు పక్క నిర్మాణాలకు ర్యాంపు, కాలువ: వానలకు ముందు జాగ్రత్తలు

నగర రోడ్డును ఆనుకుని ఇల్లో, అపార్టుమెంటో, దుకాణాల సముదాయమో కట్టేవారు గోడల మీద చూపే శ్రద్ధ గేటు ముందుండే నాలుగైదు మీటర్ల జాగా మీద చూపరు. ర్యాంపు చివర్లో వేసేదే కదా అని వదిలేస్తారు. తీరా పెద్ద వాన కురిసిన రోజున రోడ్డు మీది నీరు సెల్లారులోకి దిగుతుంది, లేదా ఆవరణలోని నీరు బయటికి పొంగి పక్కవారి గడప ముందు నిలుస్తుంది. ఈ పనిని పునాది మట్టాలు ఖాయం చేసే దశలోనే, ఆలస్యమైతే కనీసం వానలు మొదలయ్యేలోగా చూసుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసింది నీటి దారి. మేస్త్రి చేత లెవెల్ ట్యూబు (మట్టాలు సరిచూసే నీళ్ల గొట్టం) పట్టించి, రోడ్డు అంచు, కాలువ అడుగు, గేటు గడప, సెల్లారు దారి మొదలు, ఈ నాలుగు చోట్ల మట్టాలను ఒకే గుర్తు నుంచి కొలిచి రాసి ఉంచుకోండి. సెల్లారు దారి రోడ్డు నుంచి నేరుగా పల్లంలోకి దిగకూడదు. మొదట గట్టులా కొంత పైకి లేచి, అక్కడి నుంచి దిగాలి. ఆ దిగువన దారి వెడల్పు మొత్తానికీ జాలీ మూసిన అడ్డకాలువ ఉండాలి. పాత పొరను గీకకుండా మళ్లీ తారు వేసిన ప్రతిసారీ రోడ్డు మట్టం లేస్తుంది కనుక, ఈనాటి మట్టానికి సరిపోయే గట్టు కొన్నేళ్లకు చాలకపోవచ్చు. కొంత ఎత్తు అదనంగా ఉంచుకోవడం మేలు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది ర్యాంపు కింది పైపు. కాలువ వెడల్పుగా పారుతున్నా, తమ గేటు ముందు మాత్రం చిన్న పైపు పెట్టి పైన కాంక్రీటు పోసేస్తారు. పైపు వ్యాసం సగానికి తగ్గితే, అదే వాలులో నిండుగా పారే నీరు సగానికి కాదు, దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. 200 చదరపు మీటర్ల పైకప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు. ఎగువనున్న ఇళ్లన్నిటి నీరూ ఆ ఒక్క ఇరుకులోంచే పోవాలి. అలాంటి పైపును తవ్వి తీయగా ఒకసారి దగ్గరగా చూశాను. నోటి దగ్గర ఒక ప్లాస్టిక్ సంచి, దాని వెనుక గడ్డకట్టిన సిమెంటు ఇసుక. ఆపై పైపంతా ఖాళీ. కాబట్టి కాలువ వెడల్పు, లోతు ఏమాత్రం తగ్గించకుండా, ఎత్తి శుభ్రం చేయడానికి వీలైన పలకలు పరచండి. కట్టుబడి జరుగుతున్నన్నాళ్లూ ఇసుక, కంకర కుప్పలను కాలువ అంచున పోయించకండి. వాన నీటిని మురుగు లైనులో కలపకండి. ఆ లైను నిండితే మురుగు కింది అంతస్తు మరుగుదొడ్లలోంచి ఎగదన్నుతుంది.

రోడ్డులోకి దారి తీయడానికి స్థానిక సంస్థ అనుమతి ఏ షరతులతో ఇస్తుందో ముందే తెలుసుకోండి. గేటును కూడలి మలుపుకు దూరంగా పెట్టండి, తలుపులు లోపలికి తెరుచుకోవాలి, ఒక కారు పూర్తిగా రోడ్డు దిగి ఆగేంత జాగా వదలాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనులో 11 మీటర్లు దాటుతుంది. గేటు పక్క గోడ ఎత్తుగా ఉంటే బయటికొచ్చే డ్రైవరుకు ఆ బండి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. ఫుట్‌పాత్‌ను మాత్రం కోసి గేటు వైపు వాలుగా చేయకండి. చక్రాల కుర్చీలో వెళ్లేవారికి ఆ అడ్డవాలు ప్రమాదం.

కాంక్రీటు పోశాక కనీసం ఏడు రోజులు తడపాలి, ఆలోగా బండ్లు ఎక్కించకూడదు. తర్వాత గేటు దగ్గర నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో నిలబడి చూడండి. కాలువలోంచి తీసిన పూడికను గట్టున వదిలితే మొదటి వానకే తిరిగి అందులోకి జారుతుంది. అదే రోజు తరలించండి. వాన పడుతున్నప్పుడు నీరు పోవడం లేదని చాంబరు (మ్యాన్‌హోల్) మూత తీసి వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మోకాలి లోతు నీటి కింద ఆ గుంత ఉన్నట్టు దారిన వెళ్లేవారికి తెలియదు.