సీ డాలర్ తెరుచుకోవడం లేదా?

విండోస్‌లో సీ డ్రైవ్ మొత్తాన్ని నెట్‌వర్క్ మీదుగా అడ్మిన్‌లకు తెరిచే సీ$ (సీ డాలర్) అనే రహస్య షేరు ముందే ఉంటుంది; చివరి డాలర్ గుర్తు వల్ల నెట్‌వర్క్ జాబితాలో కనిపించదు, అంతే. పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా పక్క కంప్యూటర్ నుంచి అనుమతి దొరకడం లేదంటే తప్పు మీది కాదు. విస్టా కాలం నుంచి, మనం సృష్టించుకున్న లోకల్ అడ్మిన్ ఖాతాకు నెట్‌వర్క్ మీదుగా పూర్తి అధికారం రాదు. ఏ కంప్యూటర్ సీ$ తెరవాలో దాని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) హెచ్‌కెఎల్‌ఎం (HKEY_LOCAL_MACHINE), సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, సిస్టమ్ వరకు వెళ్లి, లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ పేరుతో డీవర్డ్ (సంఖ్యను దాచే ఎంట్రీ) సృష్టించి విలువ 1 ఇవ్వండి. అన్ని యంత్రాలకూ ఒకే పాస్‌వర్డ్ ఉన్న ఆఫీసులో మాత్రం నేనైతే దీని జోలికి పోను; ఆ ఒక్కటి బయటపడితే అన్ని యంత్రాలూ తెరుచుకుంటాయి. ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్‌ను అనుమతించాలి. షేర్ల జాబితా చూపే ‘నెట్ షేర్’ ఆదేశం ఇచ్చినా సీ$ అసలే కనిపించకపోతే, రిజిస్ట్రీలోనే లాన్‌మాన్‌సర్వర్ (ఫైల్ షేరింగ్ సర్వీసు) పారామీటర్స్‌లో ఆటోషేర్‌డబ్ల్యుకెఎస్‌ను ఎవరో 0 చేసి ఉండవచ్చు. దాన్ని తొలగించి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి.