ముక్క పరీక్ష కాగితంలో వైరస్ మాట ఉంటే ఎలా చదవాలి

నోటిపుండు ఎంతకీ మానకపోతే డాక్టరు ముక్క తీయించి పరీక్షకు పంపుతారు. బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల మన కుటుంబాల్లో, తిరిగివచ్చిన కాగితం మీద ‘హెచ్‌పీవీ’ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అని కనబడగానే ఇంటిల్లిపాదీ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఆ మాటను ఆఖరున చదవాలి.

మొదట ముక్కను ఏ భాగం నుంచి తీశారో చూడండి. టాన్సిల్, నాలుక వెనుక మొదటి భాగం గొంతు లెక్కలోకి వస్తాయి; ఈ వైరస్ వల్ల కలిగే తల, మెడ క్యాన్సర్లు ఎక్కువగా అక్కడే పుడతాయి. బుగ్గ లోపలి పొర, చిగురు, గట్టి అంగిలి నోటికి చెందినవి, మన దేశంలో వీటి క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు పొగాకు, వక్క. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ అంగిలినే కాలుస్తుంది కాబట్టి, అంగిలి పుండు అని రాసి ఉంటే నేనైతే వైరస్ కంటే ముందు చుట్ట సంగతే అడుగుతాను. గుడాకుతో (పొగాకు కలిపిన ముద్ద) పళ్ళు తోముకోవడాన్ని చాలామంది పొగాకు అలవాటుగా లెక్కించరు, డాక్టరుకు అదీ చెప్పాలి.

ఆ తర్వాత, ఏ పరీక్షలో పాజిటివ్ వచ్చిందో చూడాలి. హెచ్‌పీవీ డీఎన్‌ఏ వైరస్. అది కణంలో ఊరకే పడి ఉండవచ్చు, లేదా లాలాజలం నుంచి ముక్కకు అంటుకొని ఉండవచ్చు. కణాన్ని పెంచే పని మొదలుపెట్టాలంటే మాత్రం ఈ6, ఈ7 అనే తన జన్యువులకు ఆర్‌ఎన్‌ఏ నకళ్ళు తీయించుకోవాలి. వాటి నుంచి తయారైన ప్రోటీన్లలో ఈ6, కణానికి కాపలా కాసే పి53 అనే ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది; ఈ7, విభజనను అదుపులో పెట్టే ఆర్‌బీ అనే ప్రోటీన్‌ను పనిచేయనివ్వదు. ప్రయోగశాలలో ఈ ఆర్‌ఎన్‌ఏను అణచివేసినప్పుడు వైరస్ మీద ఆధారపడ్డ క్యాన్సర్ కణాలు పెరగడం మానేస్తాయి. కాబట్టి డీఎన్‌ఏ పాజిటివ్ అంటే వైరస్ ఉన్నదని మాత్రమే అర్థం. ఈ6, ఈ7 ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ అయితేనే అది పని చేస్తున్నదని అర్థం.

కాగితంలో కనబడే పి16 అన్నది కణంలోని మరో ప్రోటీన్, వైరస్ పనికి పరోక్ష గుర్తు. ఆర్‌బీ దెబ్బతిన్నప్పుడు అది పెరుగుతుంది. గొంతు ముక్కలో కనీసం 70 శాతం కణాల్లో గట్టిగా రంగు పడితే పాజిటివ్‌గా లెక్కిస్తారు. నోటి ముక్కలో మాత్రం వైరస్ లేకుండానే పి16 పెరగవచ్చు గనుక, అక్కడ దాన్నిబట్టి తీర్పు చెప్పుకోకూడదు.

ముక్క ఉన్న సీసాను ల్యాబుకు మీరే తీసుకెళ్ళవలసి వస్తే, అందులోని ఫార్మలిన్ (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం) పారబోసి నీళ్ళు నింపవద్దు. ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది. పరీక్ష అయ్యాక ముక్కను అమర్చిన మైనపు దిమ్మను అడిగి తెచ్చుకోండి. కటక్‌కో విశాఖకో వెళ్ళినప్పుడు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అవసరమని అక్కడి డాక్టరు భావిస్తే, సాధారణంగా ఆ దిమ్మతోనే చేయవచ్చు, మళ్ళీ ముక్క తీయనక్కరలేదు.