సెలవుల్లో కుట్టుపని – మూడో పాఠం: జిప్పు లేని దిండు గలీబు

మొదటి రెండు పాఠాల్లో సూదిలో దారం ఎక్కించడం, ముడి వేయడం, రన్నింగ్ కుట్టు, హెమ్మింగ్ చూశాం. చేతిరుమాలు అంచు మడిచి కుట్టినవాళ్లకి ఈ పాఠం ఏమాత్రం కష్టం కాదు. ఈసారి సోఫా మీద వేసుకునే చదరపు దిండుకి గలీబు కుడదాం. పండగ సెలవులకి ఇంటికి చుట్టాలు వచ్చే ముందు ముందుగదికి కొత్త కళ తేవాలంటే ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు.

దీనికి జిప్పు, బొత్తాలు, కాజాలు ఏవీ అక్కర్లేదు. ఒకే ఒక పొడుగు ముక్కని రెండు కొసల నుంచీ మడిచి, పైనొక కుట్టు, కిందొక కుట్టు వేస్తే గలీబు తయారు. వెనకవైపు రెండు అంచులూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి దిండు బయటికి జారదు. ఉతకాలనుకున్నప్పుడు లాగేస్తే వచ్చేస్తుంది. మిషన్ ఉంటే ఒక్క పూటలో అయిపోతుంది, లేకపోతే చేత్తోనే నిదానంగా కుట్టుకోవచ్చు. చేతికుట్టు ఊడిపోతుందేమోనని టెన్షన్ పడకండి. ఈ రోజు నేర్చుకునే బ్యాక్‌స్టిచ్ సరిగ్గా వేస్తే గుడ్డ చిరగాలే తప్ప కుట్టు తెగదు.

ముందు దిండుని కొలవాలి. టేపుని మధ్యలో ఉబ్బు మీదుగా పెడితే కొలత ఎక్కువ వస్తుంది. ఒక పక్క కుట్టు నుంచి ఎదురు పక్క కుట్టు దాకా, అంచు వెంబడే కొలవండి. మన దిండు 16 అంగుళాలు అనుకుందాం, అంటే ఇంచుమించు 40 సెంటీమీటర్లు. గలీబు కూడా సరిగ్గా 16 అంగుళాలే ఉండాలి. కాస్త వదులుగా ఉంటే మంచిదని చాలామంది ఒక అంగుళం పెంచుతారు, దాంతో మూలలు వేలాడి దిండు నీరసంగా కనిపిస్తుంది. బిగుతుగా ఉంటేనే అందం.

ముక్క వెడల్పు 17 అంగుళాలు: దిండుకి 16, పైన అర అంగుళం, కింద అర అంగుళం కుట్టు కోసం. పొడవుకి లెక్క వేరు. ముందువైపుకి 16, వెనకవైపుకి 16, వెనక అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడానికి 5, రెండు కొసలూ మడిచి కుట్టడానికి ఒక్కో అంగుళం చొప్పున 2. మొత్తం 39. ఇంకో సైజు దిండు అయితే దాని కొలతని రెట్టింపు చేసి 7 కలపండి, పొడవు వస్తుంది. కొలతకి 1 కలిపితే వెడల్పు. 18 అంగుళాల దిండుకి 43 పొడవు, 19 వెడల్పు అన్నమాట. ఎక్కే భాగాన్ని 5 కన్నా తగ్గిస్తే దిండు ఉబ్బినప్పుడు వెనక నోరు తెరుచుకుంటుంది, అక్కడ మాత్రం గుడ్డ మిగిల్చే ప్రయత్నం చేయకండి.

మీటరు అంటే 39 అంగుళాల పైచిలుకు. సరిపోతుంది కదా అని మీటరు గుడ్డే తెచ్చుకుంటే చివరికి చాలదు. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకుపోవడం మామూలే. 39 అంగుళాల్లో అది దాదాపు రెండు అంగుళాలు. అందుకే మీటరుంబావు తీసుకోండి. 44 అంగుళాల పన్నా ఉన్న బట్టలో పక్కపక్కన రెండు గలీబులు వస్తాయి, పైగా ఒక సన్నపు పట్టీ మిగులుతుంది. దాన్ని పారేయకండి, తర్వాతి పాఠంలో పని పడుతుంది. పాత దుప్పటి వాడినా బాగుంటుంది. అది కుంచించుకోవాల్సినంత ఎప్పుడో కుంచించుకుపోయింది. వెలుతురుకి ఎదురుగా పట్టి చూసి, పలచబడిన చోటు వదిలేసి మిగతాది కత్తిరించుకోండి.

కొత్త బట్టని కత్తిరించే ముందే ఉతకాలి. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. కుట్టాక ఉతికితే గలీబు చిన్నదైపోతుంది, దిండు అందులో పట్టదు, మీ శ్రమంతా వృథా. ముదురు రంగులని విడిగా నానబెట్టండి. ఆరీ ఆరకముందే, కాస్త తడి ఉండగా ఇస్త్రీ చేస్తే ముడతలు బాగా పోతాయి.

ఇప్పుడు కత్తిరించడం. కొత్తగా నేర్చుకునేవాళ్లు తొందరపడేది ఇక్కడే. బట్టలో పొడవునా ఉండేది పడుగు, అడ్డంగా ఉండేది పేక. పడుగు వెంబడి లాగితే బట్ట దాదాపు సాగదు, పేక వెంబడి కొంచెం సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. దర్జీలు క్రాస్ అనేది దాన్నే. ముక్క కాస్త క్రాస్‌లోకి పోయినా చాలు, ఉతికిన కొద్దీ గలీబు ఒక పక్కకి మెలి తిరిగిపోతుంది. సుద్దతో గీత గీసి కత్తిరించవచ్చు గానీ, ఆ గీత పోగుతో పాటు పోతోందో లేదో కంటికి తెలియదు. పోగు లాగి చూడటమే నమ్మకమైన పద్ధతి.

బట్ట అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టండి. ఆ గాటులో సూదిమొనతో ఒకే ఒక్క పోగుని పైకి తీసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. రెండో చేత్తో బట్టని ఆ పోగు మీదుగా కుచ్చుళ్లలా వెనక్కి జరుపుతూ ఉండండి. పోగు వస్తున్న కొద్దీ దాని చోట సన్నటి ఖాళీ గీత కనిపిస్తుంది. మధ్యలో తెగిపోతే అక్కడి దాకా కత్తిరించి, తెగిన కొసని మళ్లీ సూదితో పైకి తీయండి. అవతలి అంచు దాకా ఆ గీత వెంబడే కత్తెర నడిపితే ముక్క తిన్నగా వస్తుంది. బాగా చిక్కగా నేసిన బట్టలో పోగు రాదు, దానికి టేపూ సుద్దే గతి. నేత అంచు, అంటే బట్టకి రెండు పక్కలా ఉండే గట్టి పట్టీ, ముక్కలో కలవకుండా చూసుకోండి. అది మిగతా బట్టలా కుంచించుకోదు, లాగి పట్టేస్తుంది.

ముక్క సిద్ధమయ్యాక రెండు పొట్టి అంచులూ అర అంగుళం లోవైపుకి మడిచి ఇస్త్రీ చేయండి. మళ్లీ ఇంకో అర అంగుళం మడిచి, మళ్లీ ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టెని బట్ట మీద జరపకండి, జరిపితే అంచు సాగిపోతుంది. పెట్టి, నొక్కి, ఎత్తి, పక్కన పెట్టండి. మడతని కిందటి పాఠంలోని హెమ్మింగ్‌తోనే కుట్టేయండి. ఇప్పుడు ముక్క పొడవు 37 అంగుళాలు.

కుట్టిన ప్రతి కొస నుంచీ పదిన్నర అంగుళాల దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్యా సరిగ్గా 16 అంగుళాలు ఉండాలి, అదే ముందువైపు. పువ్వు కుట్టాలన్నా, పిల్లల చేత ఫ్యాబ్రిక్ రంగుతో అచ్చులు వేయించాలన్నా ఇప్పుడే, ఆ 16 అంగుళాల్లోనే చేయించాలి. మడిచి కుట్టాక రంగు వేస్తే రెండో పొరకి అంటుతుంది. రంగు డబ్బా మీద రాసినంత సేపు పూర్తిగా ఆరనిచ్చాకే ముందుకి వెళ్లండి.

ముక్కని పైవైపు మీ వైపు ఉండేలా పరవండి. ఒక కొసని గుర్తు దగ్గర లోపలికి మడవండి. తర్వాత రెండోది దాని మీదికి మడవండి. మధ్యలో 5 అంగుళాలు రెండు పొరలుగా ఉండాలి. ముందు మడిచిన కొసే, గలీబు తిరగేశాక, వెనకవైపు బయటికి కనిపిస్తుంది. కాబట్టి రెండిట్లో ఏ హెమ్మింగ్ నీటుగా వచ్చిందో దాన్ని ముందు మడవండి. పిన్నులు పెట్టి, పైన, కింద అర అంగుళం లోపలికి గీత గీయండి.

ఇక బ్యాక్‌స్టిచ్. దారం మీ మోచేతి నుంచి వేలికొస దాకా ఉంటే చాలు, అంతకన్నా పొడుగైతే చిక్కు పడుతుంది. సూదిని గీత మీద, మొదలు నుంచి ఒక కుట్టంత దూరంలో పైకి తీయండి. వెనక్కి వెళ్లి మొదటి చోట దింపండి. కింద నుంచి రెండు కుట్లంత ముందుకి పోయి పైకి తీయండి. మళ్లీ వెనక్కి, ఇందాకటి కుట్టు ముగిసిన రంధ్రంలోనే దింపండి. పైనుంచి చూస్తే మిషన్ కుట్టులాగే వరుసగా ఉంటుంది, కిందివైపు దారం రెట్టింపు పడుతుంది. దాని బలమంతా అక్కడే ఉంది. ఒక్కో కుట్టు 3 మిల్లీమీటర్లకి మించకూడదు. దారాన్ని బట్ట ముడత పడేంత గట్టిగా లాగొద్దు, గుడ్డ మీద ఆనితే చాలు.

అంచులు ఎక్కిన చోట, ఆ 5 అంగుళాల మేర, వెనక్కి వచ్చి రెండోసారి కుట్టండి. దిండుని దూర్చినప్పుడూ తీసినప్పుడూ లాగుడంతా అక్కడే పడుతుంది. మిషన్ వాళ్లు కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోండి. సూదుల గురించి ఒక మాట: చేతి సూదుల్లో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది, మిషన్ సూదుల్లో నంబరు పెరిగే కొద్దీ లావవుతుంది. కొనేటప్పుడు చాలామంది తికమకపడేది ఇక్కడే. మామూలు నూలు బట్టకి చేతి సూది 7 లేదా 8, మిషన్ సూది 14 తీసుకోండి.

కుట్టు అయ్యాక, తిరగేసే ముందు నాలుగు మూలలనీ ఐమూలగా కొద్దిగా కత్తిరించండి. కుట్టుకి కనీసం 2 మిల్లీమీటర్ల దూరం వదలాలి. పోగులు రాలకుండా తెరిచి ఉన్న అంచు మీదుగా దారాన్ని చుట్టుతూ కుట్టుకుంటూ పోండి, మిషన్‌లో అయితే జిగ్‌జాగ్. గలీబుని తిరగేసి, మూలలని మొద్దుగా ఉన్న పెన్సిల్ వెనక భాగంతో మెల్లగా బయటికి నెట్టండి. కత్తెర మొనతో నెడితే ఇంతసేపూ కుట్టింది ఒక్క పోటుకి చిల్లు పడుతుంది.

దిండు పెట్టి చూశాక మూలలు కుక్క చెవుల్లా బయటికి పొడుచుకొచ్చాయా? మళ్లీ తిరగేసి, ప్రతి మూలకి రెండు అంగుళాల ముందు నుంచి కుట్టుని కొంచెం కొంచెంగా లోపలికి తెస్తూ, మూల దగ్గరికి పావు అంగుళం ఎక్కువ లోపలికి వచ్చేలా ఇంకో వరుస వేయండి. పాత కుట్టు విప్పక్కర్లేదు. వెనక నోరు తెరుచుకుంటుంటే అంచుల మధ్యలో ఒక ప్రెస్ బొత్తాం కుట్టేయండి. గలీబు మొత్తంగా వదులైతే రెండు కుట్లనీ ఒక పావు అంగుళం లోపలికి జరిపి మళ్లీ వేయడమే మందు.

తర్వాతి పాఠానికి ముందు ఇంకో గలీబు కుట్టండి. ఈసారి మరో సైజు దిండు తీసుకుని, లెక్క మీరే కట్టుకోండి. నాలుగో పాఠంలో, మిగిలిన ఆ సన్నపు పట్టీతో లాగుడు తాడు ఉన్న చిన్న సంచులు కుట్టి, అందులో ఇంట్లో చేసిన తీపి బిస్కెట్లు నింపి బహుమతిగా ఎలా ఇవ్వాలో చూద్దాం. పట్టీని ఉతికి, ఇస్త్రీ చేసి పక్కన పెట్టుకోండి. మూరన్నర గట్టి తాడు, ఒక పిన్నీసు కూడా సిద్ధంగా ఉంచుకోండి.