పేదలు, పెత్తందార్లు: ఆ ఉపన్యాసాన్ని కళ్ళంలో కాటా వెయ్యడం ఎలా

2024 ఎన్నికలప్పుడు గోదావరి డెల్టాలోని మా ఊరి రావిచెట్టు కింద సభ పెట్టారు. ఇది పేదలకీ పెత్తందార్లకీ మధ్య యుద్ధం అని మైకులో అనగానే నా ముందు వరసలో ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఒకాయనకి ఆరెకరాల మాగాణి ఉంది, రెండో ఆయన ఆ ఆరింట్లో మూడెకరాలు కౌలుకి చేస్తాడు, మూడో మనిషి ఆ మూడెకరాల్లో ఊడ్పులకి వెళ్ళే ఆవిడ. ముగ్గురూ ఆ పేదలం మేమే అనుకున్నారు. పెత్తందారు ఎవరో మరి, ఆ రోజు సభకి వచ్చినట్టు లేదు.

అప్పటి ముఖ్యమంత్రి జగన్ మోహన్ రెడ్డి ఆ మాట ఊరూరా చెప్పారు. ఇప్పుడున్న చంద్రబాబు నాయుడు అదే గీతని ఇంకోలా గీశారు. 2025 ఉగాదికి మొదలుపెట్టిన పీ4 అనే పథకంలో పైనున్న పది శాతం మంది అడుగునున్న ఇరవై శాతం కుటుంబాలని దత్తత తీసుకోవాలి, పైవాళ్ళు మార్గదర్శులు, కిందవాళ్ళు బంగారు కుటుంబాలు. ఒకరిది యుద్ధం, ఒకరిది దత్తత. ఇద్దరూ కనిపెట్టింది మాత్రం ఒకటే, ఎవరి దగ్గర ఎంతుందో జనానికి ఇప్పుడు ఇదివరకటి కంటే బాగా కనిపిస్తోంది. రొయ్యల చెరువుల డబ్బుతో లేచిన మేడ, కువైట్‌లో ఇంటిపని చేసి పంపిన డబ్బుతో సగం ఆగిన డాబా, కాలనీలో రేకుల ఇల్లు, మూడూ ఒకే కాలవగట్టు మీద ఉంటాయి మా దగ్గర, పైగా గృహప్రవేశం వీడియో అందరి ఫోన్లలోకీ వస్తుంది.

ఎవరికి ఓటెయ్యాలో నేను చెప్పను. ఈ మాటలు విన్నప్పుడు ఎలా తూచాలో నాకు తెలిసిన పద్ధతి చెబుతాను, అంతే.

ముందు ఉపన్యాసం పక్కన పెట్టి ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీకు బాగా తెలిసిన ఒక్క చేను, ఒకే ఒక్క చేను ఎంచుకోండి. దాని మీద బతికే అందరి పేర్లూ రాయండి: కామందు, అంటే చేను యజమాని (ఊళ్ళో ఉంటే సరే, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నా రాయండి), కౌలుదారు, ఊడ్పుల మేస్త్రి, కూలీలు, కోత మిషను ఆసామి, ఎరువుల కొట్టు, ధాన్యం కొనిపించే దళారీ, మిల్లరు. ఇప్పుడు ఒక్కొక్కరి పేరు పక్కన ఎవరికి ఎంత అని కాకుండా, ఎవరిది ముందు లేస్తుంది అని రాయండి. ఇది ముఖ్యం, ఎందుకంటే మా వైపు డబ్బున్నవాడెవడూ నాకు ఇంతుంది అని చెప్పడు, కానీ ఎవరి వాటా ముందు లేస్తుందో కళ్ళంలో నిలబడితే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. మిషను అద్దె అక్కడికక్కడే నగదు. కౌలు బస్తాలు కదలకుండా లెక్క. కొట్లో బాకీ దళారీయే పట్టుకుంటాడు. తేమ 17 శాతం దాటిందని మిల్లు దగ్గర తరుగు. చివర్న మిగిలింది చేసినవాడిది.

అంకెలు వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 2025–26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా దాదాపు 1,777. సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, ఎకరానికి 28 బస్తాలు పండి 12 కౌలుకి పోయాయనుకోండి, మిగిలిన 16 బస్తాలకి దాదాపు 28,430 వస్తుంది, అదీ పూర్తి మద్దతు ధర చేతికొస్తే. అందులోంచి పెట్టుబడి తీసెయ్యండి. పెట్టుబడి ఎంతో నేను రాయను, రాస్తే కింద కామెంట్లలో యాభై మంది కాదని వాదిస్తారు, మీ లెక్క మీరు వేసుకోండి. తర్వాత తుఫాను సంవత్సరం లెక్క కూడా వెయ్యండి. 2025 అక్టోబరు చివర్న మొంథా తుఫాను మా తీరంలోనే దాటి చేలు పడుకోబెట్టేసింది. అప్పుడు మీ ఊళ్ళో కౌలు తగ్గించారా? ఎంతమంది తగ్గించారు? పంట పోయినా ఎవరి వాటా పోలేదో వాళ్ళ పేరు కింద గీత పెట్టుకోండి. పెత్తందారు అనే మాటకి నాకు తెలిసిన అర్థం అదే.

తర్వాత ప్రభుత్వం గీసిన గీత చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు రావాలంటే మాగాణి మూడెకరాలు దాటకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు మించకూడదు, సొంత కారు ఉండకూడదు (టాక్సీ, ఆటో, ట్రాక్టరు పర్వాలేదు). మా పెద్దమ్మగారబ్బాయి రాజమండ్రిలో పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు, పాత కారొకటి కొన్నాడు, కార్డులో వాడి పేరు కూడా ఉందని మా పెద్దమ్మ కార్డు ఆగిపోయింది, ఆవిడ ఇప్పటికీ ఆ కారెక్కదు. ఇంతకీ చెప్పేదేంటంటే, కాగితం మీద పేద, కళ్ళంలో పేద ఒకరే కాకపోవచ్చు. నాయకుడు పేదలు అన్నప్పుడు ఏ పేదలో అడగాలి.

ఇప్పుడు హామీల దగ్గరికి రండి. నేను ప్రతి మ్యానిఫెస్టోనీ మూడు గోతాల్లో పోస్తాను: చేతికిచ్చే డబ్బు, పంటకి ధర, భూమి మీద హక్కు. ఎన్టీ రామారావు 1983లో మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం మొదటి గోతంలోది, కోట్ల మంది కడుపు నింపింది. రైతు భరోసా 13,500, అన్నదాత సుఖీభవ 20,000, తల్లికి వందనం, 4,000 పింఛను, ఇవన్నీ మొదటి గోతమే. తప్పేం కాదు, మా ఇంట్లో కూడా పింఛను వస్తుంది, ఒకటో తారీఖున మా నానమ్మ పొద్దున్నే జడేసుకుని కూర్చుంటుంది. కానీ మొదటి గోతం నిండి పొర్లుతుంటే మూడోది ఖాళీగా ఎందుకుందో చూడాలి.

డెల్టాలో మూడో గోతం అంటే కౌలు. మాటలు లేవని కాదు, చట్టాలే ఉన్నాయి. 1956లో కౌలు చట్టం, 2011లో కౌలుదార్లకి రుణ అర్హత కార్డులు, 2019లో పంట సాగుదారుల హక్కు పత్రం. ఈ చివరిది పదకొండు నెలలకి ఇస్తారు, భూమి మీద ఏ హక్కూ రాదని అందులోనే ఉంది, అయినా కామందు సంతకం పెట్టాలి. అక్కడ ఆగిపోతుంది బండి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. సంతకం అడిగితే చేను పోతుందేమోనని వీడి భయం. కాగితం లేకపోతే సొసైటీలో అప్పు లేదు, నష్టపరిహారం ఎవరి పేరున పడుతుందో తెలీదు. రైతు భరోసాలో భూమి లేని కౌలుదార్లకి ఇచ్చారు, కాకపోతే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వాళ్ళకే, ఓసీల్లో కౌలుదారు ఎంత బీదైనా లెక్కలోకి రాలేదు. అందుకే ఎంత గొప్ప ఉపన్యాసమైనా నేను ఒక్క మాట కోసమే వింటాను: సంతకం సంగతి ఎత్తాడా, లేదా.

కులం పరీక్ష కూడా చెయ్యాలి, ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఉపన్యాసంలో పెత్తందారు అన్న ప్రతిచోటా ఒక కులం పేరు పెట్టి మనసులో చదువుకోండి. చక్కగా అతికిందంటే ఆయన మాట్లాడుతోంది కళ్ళం లెక్క గురించి కాదు. మన దగ్గర భూమీ కులమూ పేనిన తాడులా ఉంటాయి నిజమే, రెండూ విడదీసి చూడలేం, కానీ ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని అమ్మేవాళ్ళు ఉంటారు. 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబడింది కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టే గొడవలో, కూలి రేటు గొడవలో కాదు.

ఇంకో తప్పు చెయ్యకండి. జనంలో కోపం ఉంది కాబట్టి ఓట్లు అటే పడతాయి అనుకోవడం. 1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు అధికారం మాదే అనుకున్నారు, కాంగ్రెసు మిగతావాళ్ళని కలుపుకుని ఐక్యంగా నిలబడింది, 196 సీట్లలో కమ్యూనిస్టులకి దక్కినవి 15. 2024లో 151 సీట్ల జగన్ పార్టీ 11కి వచ్చింది, ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరిల్లో 34కి 34 తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గెలిచింది. పొత్తు, జనసేన, ఇంకా చాలా కారణాలున్నాయి. కానీ నేను మా ఊళ్ళో విన్నదాంట్లో అన్నిటికంటే గట్టిగా పనిచేసింది ల్యాండ్ టైట్లింగ్ చట్టం (ఏ భూమి ఎవరిదో ప్రభుత్వం రిజిస్టరులో తేల్చి రాసే చట్టం) భయం, పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో. అరెకరం ఉన్నవాడు కూడా పదెకరాల వాడితో కలిసి ‘మన భూములు’ అన్నాడు. ముందురోజు పేదల యుద్ధానికి చప్పట్లు కొట్టింది వాడే. అరెకరం మనిషి ఏ పూట పేద, ఏ పూట భూస్వామి అన్నది ఆ పూట వాడికి ఏ భయం ఎక్కువగా ఉందో దాన్నిబట్టి ఉంటుంది, నినాదం రాసేవాళ్ళకి ఇది మనకంటే బాగా తెలుసు.

ఇక అడగడం. సభలో అడగకండి, మైకు మీకివ్వరు. అభ్యర్థి ఇంటింటికీ వచ్చినప్పుడు గుమ్మంలో అడగండి, మర్యాదగా, ఒక్కటే ప్రశ్న: ‘కామందు సంతకం లేకుండా కౌలు కార్డు ఇప్పిస్తారా అండీ?’ అడిగాక అభ్యర్థి మొహం చూడకండి, ఆయన నవ్వుతాడు. పక్కన నడిచే ఊరి పెద్దమనిషి మొహం చూడండి.

మా నాన్న నాలుగెకరాలు కౌలుకి చేస్తారు. 2024లో నేను ఈ ప్రశ్న అడిగితే అభ్యర్థి పక్కకి చూశాడు, ఆ పక్కనున్నాయన మా కామందే. తర్వాత మాట్లాడదాం తమ్ముడూ అని కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే కామందు మా అరుగు మీదికొచ్చి కూర్చుని, కాఫీ తాగి, ‘ఏరా, చదువుకున్నోడివి, నీకెందుకురా అవన్నీ’ అన్నారు నాతో. మా నాన్నతో మాత్రం, వచ్చే సార్వాకి చేను వేరేవాళ్ళు అడుగుతున్నారు, చూడాలి అన్నారు.

కాబట్టి ఒక్కరే అడగకండి, కౌలుదార్లు ఐదారుగురు ఒకే గుమ్మం ముందు నిలబడి అడగండి, అప్పుడు చేను లాక్కుని ఇద్దామన్నా చేసేవాడు దొరకాలి. ఊడ్పులు అయ్యాక అడిగితే ఇంకా మంచిది, నాటిన చేను మధ్యలో వెనక్కి తీసుకోవడం కష్టం. కాకపోతే మనకి అసెంబ్లీ ఎన్నికలు ఏప్రిల్, మే నెలల్లో పెడతారు. దాళ్వా, అంటే రబీ పంట, కోతలై, సార్వా కౌలు మాట్లాడుకునే రోజులు సరిగ్గా అవే.