కీబోర్డు ముందు మనిషి లేకుండా ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించాలంటే

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో 30 సిస్టమ్‌లకు ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్, ఎక్కించే పని ఒప్పుకుని, రాత్రి స్క్రిప్ట్ నడిపించి ఇంటికెళ్లిపోయాను. పొద్దున్నే బ్యాచ్ మొదలయ్యే ముందు వచ్చి చూస్తే ప్రతి తెర మీదా ఒకటే పెట్టె, మెయిల్ సర్వర్ ఏ రకం కావాలి అని. మెయిల్‌యూటిల్స్ అనే మెయిల్ ప్యాకేజీ వేస్తే దాని వెంట పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ వస్తుంది, ఆ ప్రశ్న దానిది. చాలా టెన్షన్ పడ్డాను.

ప్యాకేజీలు ఎక్కించే కమాండ్ ఆప్ట్‌-గెట్‌కి హైఫన్ వై ("అవును" అని ముందే చెప్పే ఆప్షన్) ఇచ్చాను కదా, మళ్లీ ఎందుకు అడిగింది? హైఫన్ వై ఆప్ట్ అడిగే "కొనసాగించనా" అన్నదానికే జవాబు. ప్యాకేజీలు అడిగేవి డెబ్‌కాన్ఫ్ అనే ప్రశ్నలడిగే ప్రోగ్రామ్ ద్వారా వస్తాయి, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ల గురించి అడిగేది ఆప్ట్ వెనక ప్యాకేజీని నిజంగా సిస్టమ్‌లో పెట్టే డీపీకేజీ. ఎవరికి చెప్పాల్సింది వాళ్లకి విడిగా చెప్పాలి.

డెబ్‌కాన్ఫ్ నోరు మూయించడానికి డెబియన్ అండర్‌స్కోర్ ఫ్రంట్‌ఎండ్ అనే వేరియబుల్‌కి నాన్‌ఇంటరాక్టివ్ అని ఇవ్వాలి. దాన్ని సుడోకి (రూట్, అంటే అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్‌కి) ముందు రాస్తే మామూలుగా సుడో వదిలేస్తుంది, అందుకే సుడో తర్వాత, ఆప్ట్‌-గెట్‌కి ముందు రాయండి.

అయితే అడగకపోవడం వేరు, మనకి కావాల్సింది చేయడం వేరు. నాన్‌ఇంటరాక్టివ్ అంటే డిఫాల్ట్ జవాబు తీసుకుంటుంది, అంతే. మైక్రోసాఫ్ట్ ఫాంట్ల ప్యాకేజీ ఇలా వేస్తే లైసెన్స్ ఒప్పుకున్నట్టు లెక్క కాదు కాబట్టి ఫాంట్లు రావు. అలాంటివాటికి జవాబులు ముందే ఎక్కించాలి. ఒక సిస్టమ్‌లో ఆ ప్యాకేజీని చేత్తో ఇన్‌స్టాల్ చేసి, డెబ్‌కాన్ఫ్-యూటిల్స్ వేసుకుని, డెబ్‌కాన్ఫ్-గెట్-సెలెక్షన్స్ అవుట్‌పుట్‌లో ఆ ప్యాకేజీ పేరుని గ్రెప్ కమాండ్‌తో వెతికితే ప్యాకేజీ పేరు, ప్రశ్న పేరు, రకం, జవాబు ఒకే లైన్లో కనిపిస్తాయి. మీకు కావాల్సిన లైన్లు మాత్రమే ఒక ఫైల్లో పెట్టి, మిగతా సిస్టమ్‌లలో ఇన్‌స్టాల్‌కి ముందు డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్‌కి ఇవ్వండి. ఆ అవుట్‌పుట్ మొత్తాన్ని ఎత్తుకెళ్లి ఇంకో సిస్టమ్‌లో పోయకండి, ఒక మెషీన్‌కే చెందిన జవాబులు కూడా అందులో ఉంటాయి. ఫైల్లో పాస్‌వర్డ్ ఉంటే రూట్ తప్ప ఎవరూ చదవలేకుండా పర్మిషన్ 600 పెట్టండి, ల్యాబ్‌లో ఇది మరీ ముఖ్యం.

ఇక డీపీకేజీ. మీరు మార్చిన కాన్ఫిగ్ ఫైల్‌కి కొత్త వెర్షన్ వస్తే ఏది ఉంచాలి అని అడుగుతుంది, నాన్‌ఇంటరాక్టివ్ దీన్ని ఆపలేదు. ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ రెండూ కలిపి డీపీకేజీ ఆప్షన్లుగా పంపితే డిఫాల్ట్ ఉన్నచోట అదే తీసుకుని, లేనిచోట పాత ఫైల్ ఉంచుతుంది. నేను పాతదే ఉంచుతాను, నడుస్తున్న సెట్టింగ్ చెప్పకుండా మారిపోతే వెతుక్కోవడం నరకం. పక్కన పెట్టేసిన కొత్త ఫైళ్లు డాట్ డీపీకేజీ-డిస్ట్ అనే చివరతో సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటాయి, తీరిగ్గా చూసుకోవచ్చు.

అప్పుడే ఆన్ చేసిన సిస్టమ్‌లో ఆటో అప్‌డేట్ లాక్ (ఒకేసారి ఇద్దరు ప్యాకేజీలు మార్చకుండా వేసే తాళం) పట్టుకుని ఉండొచ్చు, డీపీకేజీ లాక్ టైమ్‌అవుట్ 600 సెకన్లు ఇస్తే స్క్రిప్ట్ ఎర్రర్ కొట్టకుండా ఆగి చూస్తుంది. ఎండాకాలం గాలివానకి కరెంటు పోయే రోజులు కూడా ఉంటాయి కాబట్టి స్క్రిప్ట్ మొదట్లోనే డీపీకేజీ కాన్ఫిగర్ హైఫన్ ఏ పెట్టండి, సగంలో ఆగినవి ముందు పూర్తవుతాయి.

మొత్తం ల్యాబ్ మీద వదిలే ముందు ఒక వర్చువల్ మెషీన్‌లో ఇన్‌పుట్‌ని డెవ్ నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) నుంచి ఇచ్చి నడపండి. ఎక్కడైనా ప్రశ్న మిగిలిపోయి ఉంటే రాత్రంతా వేలాడకుండా అక్కడికక్కడే ఫెయిల్ అవుతుంది, ఏ ప్యాకేజీ అడిగిందో వార్ లాగ్ ఆప్ట్ ఫోల్డర్‌లోని టర్మ్ డాట్ లాగ్ చూస్తే తెలుస్తుంది.